ఎవరికండీ ఈ అల్లిక?

హైదరాబాదులో కాపురముంటూ, అందులోనూ మార్చి నెలలో, ఊలు అల్లడం నేర్చుకుంటున్నానంటే నవ్వనివాళ్ళు పాపాత్ములు. మావారు కేలండరు వంక చూశారు. మా అబ్బాయి తలెత్తి ఫాను వంక చూశాడు. మా ఆడపడుచు మాత్రం ఫోనులో, "అయితే నీకు బోలెడంత తీరిక దొరుకుతోందన్నమాట వదినా!" అంది. మొదటి రెండూ వేళాకోళాలు. మూడోదాన్ని అలా కొట్టిపారెయ్యడానికి లేదు. బజారులో అంతకంటే నాజూగ్గా, అంతకంటే చవగ్గా దొరికే వస్తువుని నెలల తరబడి కూచుని చేత్తో తయారు చెయ్యడం మంచి పనా, పనికిమాలిన పనా? లేకపోతే తిండికీ బట్టకీ లోటులేనివాళ్ళు చేసుకునే ముద్దుముచ్చటా? ఆవిడ ఫోను పెట్టేసింది గానీ ఆ ప్రశ్న నన్ను వదిలిపెట్టలేదు.

ముందు ఎండల సంగతి తేల్చేద్దాం. అల్లిక అనగానే మనకి మంచుకొండలూ స్వెట్టర్లూ గుర్తొస్తాయి. కానీ సూదులతో అల్లినవాటిల్లో ఇప్పటికి చెడకుండా నిలిచిన అతి పాత వస్తువులు దొరికింది ఈజిప్టులో. మేజోళ్ళు! సుమారు 11వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం దాకా అల్లినవి. తెల్ల పోగూ, నీలిమందు వేసిన పోగూ కలిపి ఎంత ముచ్చటగా అల్లారో. అదీ ఊలుతో కాదు, పత్తి నూలుతో. ఎడారి ఎండల్లో ఉన్నవాళ్ళకి లేని అభ్యంతరం హైదరాబాదు ఎండకి ఎందుకని మావారిని అడిగాను. ఆయన పేపరు తిరగేశారు.

నాకు నేర్పింది మా పక్క వాటా పిన్నిగారు. ఆవిడ ముప్ఫయ్యేళ్ళు ఢిల్లీలో ఉండి వచ్చారు. ఆ రోజుల్లో అక్కడ చలికాలం మధ్యాహ్నాలు గవర్నమెంటు క్వార్టర్ల ముందు మంచాలు వేసుకుని, వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, ఎండలో కూచుని స్వెట్టరు అల్లని ఆడమనిషి ఉండేది కాదట. పంజాబీ ఇరుగుపొరుగుల దగ్గర నేర్చుకున్నారు కనక ఆవిడ అల్లికంతా హిందీలో నడుస్తుంది. పోగు సూదికి వెనక పెట్టుకుని లాగితే 'సీదా', ముందుకి తెచ్చుకుని లాగితే 'ఉల్టా'. అంతే, ఉన్నవి ఆ రెండే. జడలల్లినట్టుండే డిజైన్లూ, ఆకులూ, గళ్ళూ, చిల్లులూ అన్నీ ఆ రెండింటిని అటూ ఇటూ మార్చడంలోంచి పుట్టుకొచ్చినవే. నలభై ఏళ్ళు సంసారం చేసిన చేతులకి ఇంకా నేర్చుకోవలసింది రెండే రెండు అంటే ఎంత ధైర్యంగా ఉంటుందో చూడండి. ఆ రెండూ చేతికి పట్టుబడటానికి మూడు వారాలు పడుతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో వింత. నేతకి పడుగనీ పేకనీ రెండుండాలి. మగ్గం ఉండాలి. అల్లికకి ఒకే ఒక్క పోగు చాలు. అదే తనలోంచి తను దూరి, తనని తనే పట్టుకుని బట్ట అయి కూచుంటుంది. కొస దొరకబుచ్చుకుని లాగితే వరస వెంట వరస ఊడిపోయి, మళ్ళీ ఊలు ఉండై ఒళ్ళో పడుతుంది. మనం రోజూ చేసే పనుల్లో ఇలాంటిది ఇంకోటుందా? మాడిన కూరని మళ్ళీ వంకాయలు చెయ్యలేం. కత్తిరించిన రవికె గుడ్డని మళ్ళీ తాను చెయ్యలేం. ఈ ఊడదీసుకోవడం అన్నమాట కొంచెం గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

పిన్నిగారు మొదటి రోజే ఒక షరతు పెట్టారు. "నేర్చుకునేటప్పుడు మాత్రం అసలైన ఊలు కొనుక్కో అమ్మాయ్. చెయ్యి తిరిగాక నీ ఇష్టం." మామూలుగా మన లెక్క దీనికి తలకిందులు కదా! నేర్చుకునేవాళ్ళకి ఏదో ఒక చవకరకం పడేస్తాం, పాడైనా ఫరవాలేదని. సంగీతం మొదలుపెట్టిన పిల్లకి అటకమీది హార్మనీపెట్టె దింపినట్టు. అందుకని ఆవిడ చాదస్తం అనుకుంటారేమోనని ఆవిడే వంటింట్లో దీపం వెలిగించి, మూడు రకాల పోగులు తలో ముక్కా కాల్చి చూపించారు. ఊలు జుట్టు కాలిన కంపు కొట్టి, మంట తీసెయ్యగానే తనంతట తనే ఆరిపోయింది; నలిపితే పొడైంది. నూలు కాయితంలాగా మండి బూడిదైంది. అక్రిలిక్ కరిగి, ఉడికి, చల్లారాక నల్లటి గట్టి పూస అయి కూచుంది. "మొదటిది గొర్రె, రెండోది చెట్టు, ఇది పెట్రోలు," అన్నారు పిన్నిగారు.

ఊలు పోగు పుట్టుకతోనే వంకీలు తిరిగి ఉంటుంది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. చెయ్యి తిరగనివాళ్ళ అల్లికలో ఒక కుట్టు బిగువుగా, పక్క కుట్టు వదులుగా పడటం మామూలే. ఊలయితే ఒకసారి తడిపి, పరిచి ఆరబెట్టేసరికి ఆ పక్కపక్క కుట్లు రెండూ ఇచ్చిపుచ్చుకుని సర్దుకుంటాయి. మంచి అత్తగారిలాంటిది, చూసీ చూడనట్టు పోతుంది. నూలు దగ్గర అలా కుదరదు. అది సాగదు. ఎలా అల్లితే అలాగే ఉంటుంది, మీ చేతిలో ఏముందో పదిమందిలో చెప్పేస్తుంది. పైగా బరువు, పెద్ద వస్తువు అల్లితే తన బరువుకి తనే కిందికి దిగజారుతుంది. కానీ మన ఎండలకి ఒంటిమీద హాయిగా ఉండేది అదే, పసివాళ్ళకి మెత్తగా ఉండేదీ అదే. ఊలు తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకుని కూడా తడిసినట్టు తెలియనివ్వదు. వేణ్ణీళ్ళు పోసి గట్టిగా రుద్దారా, ముద్దకట్టి సగానికి సగం కుంచించుకుపోతుంది. ఇక దానికి సర్దుబాటు లేదు. ఓర్పుకి కూడా ఒక హద్దు ఉంటుంది మరి.

ఇలా ఒక్కోదాని గుణం వేళ్ళకి తెలుస్తూ ఉంటే వచ్చే సంతోషం ఉందే, అది డిజైను పూర్తయినప్పటి సంతోషం కంటే పెద్దది. గొర్రెలని చూస్తే ఇప్పుడు ఆగి చూడబుద్ధేస్తోంది. మన నెల్లూరు గొర్రెకి అసలు ఊలే ఉండదు, ఉన్నది వెంట్రుక. దక్కనీ గొర్రెకి ఉంటుంది, నల్లగా, ముతగ్గా. తెలంగాణలో కురుమలు గొంగళ్ళు నేసేది దానితోనే. వానా, చలీ, ఎండా మూడూ కాచే ఆ గొంగడి వాడకం తగ్గిపోయి, గొర్రెకి మాంసం విలువే మిగిలాక, ఊలు కత్తిరించిన కూలి కూడా గిట్టని రోజులొచ్చాయి. మనమేమో ఆస్ట్రేలియా మెరినో ఊలు కొనుక్కుంటున్నాం. అది మన తలవెంట్రుకలో మూడోవంతు మందం కూడా ఉండదు, అందుకే గుచ్చుకోదు. దక్కనీ ఊలు ఒక లచ్చి తెప్పించుకుని కాస్త అల్లి చూశాను. మెడకి చుట్టుకోవడానికి పనికిరాదు, గరగరలాడుతుంది. కుర్చీలో వేసుకోవడానికి మాత్రం దాని తర్వాతే ఏదైనా.

అయితే ప్రకృతి ఇచ్చిందల్లా పరమ పవిత్రం అనే మాట నాకు గిట్టదు. ఈ మధ్య ప్రతి సబ్బుమీదా, ప్రతి చీరమీదా ఆ ముద్ర కనిపిస్తోంది. పట్టు సంగతే చూడండి. గూటిలో పురుగు ప్రాణంతో ఉండగానే వేడినీళ్ళలో వేస్తేనే వందల మీటర్ల పోగు తెగకుండా వస్తుంది. మన కుసుమ రాజయ్యగారు అది చూడలేకే, పురుగు రెక్కలొచ్చి గూడు చీల్చుకుని ఎగిరిపోయాక మిగిలిన గూళ్ళతో 'అహింసా పట్టు' తీశారు. పోగు తెగిపోయి ఉంటుంది కనక దాన్ని వడకాలి, నిగనిగ కొంచెం తగ్గుతుంది. పత్తి మాత్రం ఎవరినీ చంపదనుకుందామా? 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి రైతుల ఇళ్ళల్లో ఏం జరిగిందో మనం మరిచిపోగలమా? అక్రిలిక్ ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని నలకలు నీళ్ళలోకి వదులుతుంది, నిజమే. అయినా చలిలో వణికే పిల్లకి తల్లి అక్రిలిక్ స్వెట్టరు తొడిగితే ఆ తల్లికి నీతులు చెప్పే అర్హత ఎవరికీ లేదు. పోగు ఏదైనా దాని వెనక ఎవరో ఉన్నారు. ఊలూ నూలూ చేతిలో పట్టుకున్నప్పుడు ఆ ఎవరో కొంచెం తొందరగా గుర్తొస్తారు, అంతమటుకే నేను చెప్పగలిగింది.

మా ఆడపడుచు ప్రశ్నకి రండి. చేత్తో అల్లుకోవడం పొదుపు అందామా? బొత్తిగా కాదు. మంచి ఊలు ఖరీదుతోనే తయారైన స్వెట్టరు కొనుక్కోవచ్చు. ప్రేమ అందామా? మన చేత్తో అల్లి ఇచ్చినదానిలో ప్రేమ ఉంటుంది, కాదనను. దానితోపాటు ఒక బరువు కూడా ఉంటుంది. కొనిచ్చిన స్వెట్టరు మూలన పడేస్తే మనకి పట్టదు. అల్లి ఇచ్చింది ఒంటిమీద కనిపించకపోతే, "ఏం నాయనా, నచ్చలేదా?" అని మూడుసార్లు అడుగుతాం. పాపం ఆ పిల్లాడు ప్రేమ పుచ్చుకున్నాడో, అప్పు పుచ్చుకున్నాడో! పోనీ ఓర్పూ, శాంతమూ అలవడతాయందామా? అల్లిక పుస్తకాల వాళ్ళందరూ మొదటి పేజీలో చెప్పే మాట అదే. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793-94 ప్రాంతంలో, పారిస్‌లో తలలు నరుకుతుంటే ఎదురుగా కూచుని మేజోళ్ళు అల్లుకున్న ఆడవాళ్ళకి 'త్రికొత్యూజ్' అని పేరొచ్చింది. అల్లేవాళ్ళు అని అర్థం. డికెన్స్ 1859లో రాసిన 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్' నవలలో మేడమ్ డిఫార్జ్ చంపదలుచుకున్నవాళ్ళ పేర్లన్నీ అల్లికలోనే గుర్తులుగా దాచుకుంటుంది. వాళ్ళకీ బోలెడంత ఓర్పు ఉంది. చేతిపని మనిషిని మంచిదాన్ని చేస్తుందంటే నేను నమ్మను.

మరి నాకెందుకింత సంతోషంగా ఉందీ అని తవ్వి చూసుకుంటే ఒకటి కనిపించింది. మన ఆడవాళ్ళం తెల్లారి లేచింది మొదలు చేసే ప్రతి పనికీ అవతల ఎవరో కాచుకుని ఉంటారు. కాఫీ కోసం ఒకరు, కేరేజీ కోసం ఒకరు, ఉద్యోగం చేసేవాళ్ళకయితే ఫైలు కోసం ఇంకొకరు. పప్పులో ఉప్పు తక్కువైతే పదినిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. ఇంత బతుకులో తీర్పు చెప్పేవాళ్ళు లేని పని, గడువు లేని పని, ఎవరూ ఎదురుచూడని పని ఇది ఒక్కటి దొరికింది. రాత్రి వంటిల్లు కడుక్కున్నాక నాలుగు వరసలు అల్లుతాను. నచ్చకపోతే లాగేస్తాను. అడిగేవాడు లేడు. చిన్నప్పుడు ఇసకలో గుజ్జనగూళ్ళు కట్టి కాలితో తన్నేసిన తర్వాత మళ్ళీ ఆ సుఖం ఇప్పుడే చూస్తున్నాను. విద్యార్థిగా ఉండటంలో ఉన్న సుఖం అది. ఇంట్లో అన్నీ తెలిసిన పెద్దదిక్కుగా ఉండి ఉండి విసిగినవాళ్ళకి తెలుస్తుంది.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం హాయిగా ముగిసేది. కానీ నరసాపురం అడ్డం వచ్చింది.

పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లికల పేరు వినని తెలుగు ఆడవాళ్ళుండరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల భార్యలు అక్కడి ఆడవాళ్ళకి క్రోషే నేర్పారు. ఒక కొక్కెం సూది, నూలు దారం. మా అల్లికకి చెల్లెలి వరస. అక్కణ్ణించి చుట్టుపక్కల ఊళ్ళకి పాకి, టేబుల్ క్లాతులూ, గలీబులూ, కంఠాలూ అయి ఓడలెక్కి విదేశాలు వెళ్ళింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీ పండితురాలు మరియా మీస్ అక్కడ ఉండి, వాళ్ళ బతుకులు చూసి, 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. దాని పేరుకి తెలుగు చెప్పుకుంటే 'నరసాపురం లేసు అల్లేవాళ్ళు'. అందులో ఆవిడ తేల్చింది ఇదీ: ఇంటిపనంతా చేసుకుంటూనే ఆ ఆడవాళ్ళు రోజూ గంటల తరబడి ప్రపంచం బజారు కోసం అల్లుతున్నారు, వాళ్ళకి వచ్చే డబ్బు పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళకి నిర్ణయించిన కనీస వేతనం కన్నా చాలా తక్కువ, ఎందుకు తక్కువంటే, వాళ్ళు పనివాళ్ళు కారట, ఇంట్లో తీరిక వేళ ఊసుపోక అల్లుకునే గృహిణులట!

తీరిక. మా ఆడపడుచు నోటినుంచి వచ్చిన మాటే. నన్ను కాస్త వెక్కిరించడానికి పనికొచ్చిన ఆ మాటే అక్కడ లక్షమంది కూలి కోసెయ్యడానికి పనికొచ్చింది.

ఒకటే కొలత కళ్ళు, ఒకటే నడుం నొప్పి, ఒకటే పోగు. నాకు ఆటవిడుపు, వాళ్ళకి చాకిరీ. తేడా డబ్బు దగ్గర ఉందనుకున్నాను ముందు. డబ్బు తీసుకుని సంతోషంగా పనిచేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారే! సంగీతం మేష్టరు జీతం తీసుకునే పాట చెబుతాడు, ఆ సంతోషం ఎక్కడికీ పోదు. ఆలోచించగా, తేడా ఆ ఊడదీసుకోవడం దగ్గరుందేమో అనిపిస్తోంది. నాకు నచ్చక లాగేసిన నాలుగు వరసలూ నా ఇష్టం. ముక్కకింత అని కూలి కట్టేచోట లాగేసిన నాలుగు వరసలూ ఆ పూట కూరగాయల డబ్బులు. ఆవిడకి ఇంకో పువ్వు వెయ్యాలని తోచినా వెయ్యడానికి లేదు, డిజైను పైనుంచి వస్తుంది. తన చేత్తో అల్లినదాన్ని తనే చెడగొట్టుకునే హక్కు లేని చోట అల్లికలో నేర్చుకోవడం అనేది ఆగిపోతుంది. మిగిలేది వేగం.

మరి నేను సిగ్గుపడాలా? అలా అనుకోను. నేను సూదులు కింద పెట్టినంత మాత్రాన నరసాపురంలో ఎవరికీ పావలా పెరగదు. కానీ సూదులు పట్టుకున్నాక నాకు ఒక లెక్క తెలిసింది. జానెడు అల్లడానికి ఎంతసేపు పడుతుందో తెలిసింది. ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. అల్లుకుని బతికే బీదవాళ్ళ నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి అనుమతి ఇవ్వలేదంటారు. ఆ తర్వాత యంత్రాలదే రాజ్యం, ఇవాళ మనం తొడుక్కునే బనీను నుంచి స్వెట్టరు దాకా అన్నీ యంత్రం అల్లినవే. క్రోషేని మాత్రం బజారుకి సరిపడా అల్లే యంత్రం ఇంకా రాలేదు. అలా కనిపించే నకళ్ళు యంత్రాలు తీస్తాయి గానీ, అసలు క్రోషే అయితే అది తప్పకుండా ఎవరో ఒక మనిషి వేళ్ళ మధ్య నుంచి వచ్చిందే. పెద్ద షాపులో ఆ గౌను రెండొందలకి దొరికితే మురిసిపోయే ముందు ఆ వేళ్ళకి ఎంత ముట్టి ఉంటుందో గుణించుకోవాలి. ఎగ్జిబిషన్లలో లేసు బల్ల దగ్గర నిలబడి, "ఇంట్లో కూచుని అల్లుకున్నదేగా, కాస్త తగ్గించమ్మా" అనే మాట నా చెవులతో ఎన్నిసార్లు విన్నానో. అనేది కూడా మనమే, మగవాళ్ళు కాదు.

మా పైవాటాలో ఉండే అమ్మాయికి ఈ మధ్య పురుడొచ్చింది. సాయానికని నరసాపురం దగ్గర పల్లెటూరినుంచి వాళ్ళమ్మగారు వచ్చారు. పిల్లని ఒళ్ళో వేసుకుని ఒకసారి మా ఇంటికి దిగొచ్చారు. అరవై దాటి ఉంటాయి. పదకొండో ఏట మొదలుపెట్టి, కళ్ళు మందగించేదాకా లేసు అల్లారట. "మీ ఇంట్లో తలుపులన్నిటికీ మీ లేసు తెరలే ఉంటాయేమో" అన్నాను. ఆవిడ నవ్వారు. "మా ఇంటికెప్పుడు అల్లుకున్నానండీ! దారం వాళ్ళది, లెక్క వాళ్ళది. మిగిలిన మూరెడు కూడా తూచి పట్టికెళ్ళిపోయేవారు."

పిల్లని నేనెత్తుకుని, నా సూదులు ఆవిడ చేతికిచ్చాను. రెండు సూదులతో ఎప్పుడూ అల్లలేదట. సీదా ఒకటి చూపించాను, ఉల్టా ఒకటి చూపించాను. మూడోసారి చూపించనివ్వలేదు. నా వేళ్ళకి మూడు వారాలు పట్టింది ఆవిడ వేళ్ళు పావుగంటలో పట్టేశాయి. అయితే యాభై ఏళ్ళ లేసు అలవాటు కదా, ఊలుని కూడా నూలులాగే బిగించేస్తున్నారు. ఆరు వరసలయ్యాక సూది ఆగి, తలెత్తారు.

"ఇంతకీ ఇది ఎవరికండీ?"

"ఎవరికీ కాదండీ."

"మరి ఎప్పటికిచ్చెయ్యాలి?"

"ఇవ్వక్కర్లేదు."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత అల్లినదాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసి, "బిగిసిపోయిందండీ, బాలేదు" అంటూ సూది లాగేసి కొస పట్టుకుని గుంజారు. ఒక వరస ఊడింది. ఇంకోటి ఊడింది. ఉన్న ఆరూ ఊడేదాకా ఆపలేదు. ఊలుని రెండు వేళ్ళకి వదులుగా చుట్టుకుని, మంచం మీద కాళ్ళు ముడుచుకు కూచుని, "పిల్లనింకాసేపు ఎత్తుకోండి, మళ్ళీ మొదలెడతాను" అన్నారు.